విత్తనం గింజలకి తాళం ఎవరి దగ్గరుంది?

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఆ దేశ ప్రభుత్వపు డేటా సెంటరు తగలబడింది. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి అయిదో అంతస్తులో పెట్టుకున్న లిథియం బ్యాటరీలని వేరే చోటికి మార్చే పని జరుగుతోంది. అందులో ఒకటి అంటుకుంది. దాన్నుంచి పక్కది, ఆ పక్కది... మొత్తం 384 బ్యాటరీలు కాలిపోయాయి. మంట పూర్తిగా ఆర్పడానికి 22 గంటలు పట్టింది. ముందుజాగ్రత్తగా ఆపేసినవాటితో కలిపి 647 ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థలు నిలిచిపోయాయని మొదట ప్రకటించారు.

నిలిచిపోవడం ఒక ఎత్తు, తిరిగి లేవకపోవడం ఒక ఎత్తు. అక్కడి ప్రభుత్వోద్యోగులకి జీ-డ్రైవ్ అని ఒకటుండేది. గూగుల్ వారి డ్రైవుకీ దీనికీ సంబంధం లేదు. మనిషికి 30 గిగాబైట్ల చోటు ఇచ్చి, ఆఫీసు కాగితాలు మీమీ కంప్యూటర్లలో దాచుకోవద్దు, అన్నీ ఇందులోనే పెట్టండి అని చెప్పారు. సుమారు 1,25,000 మంది ఉద్యోగులు దీన్ని వాడుతుండేవారు. ఆ జీ-డ్రైవు మొత్తం, 858 టెరాబైట్లు, బూడిదైంది. బయట ఎక్కడా దానికి బ్యాకప్ లేదు. పరిమాణం మరీ పెద్దది కాబట్టి బయట కాపీ పెట్టలేకపోయామని అధికారులు చెప్పుకున్నారు. చెప్పిన మాట వినకుండా సొంత కంప్యూటర్లో ఒక కాపీ ఉంచుకున్నవాళ్ళకి ఎంతో కొంత మిగిలింది.

మరీ పెద్దదా? లెక్క వేసి చూద్దాం. ఇవాళ బజారులో దొరికే ఎల్‌టీవో-9 టేపు ఒక్కోటి 18 టెరాబైట్లు పడుతుంది, కంప్రెషన్ లేకుండానే. 858ని 18తో భాగిస్తే 48 టేపులు. అరచేతిలో పట్టే డబ్బాలు అవి. మనం ఇండియా వెళ్ళేటప్పుడు చెక్-ఇన్ చేసే 23 కిలోల పెట్టెలో ఈ 48 టేపులూ పెట్టి, పక్కన రెండు కిలోల బాదంపప్పులు పెట్టినా చోటు మిగులుతుంది. రాయడానికి పట్టే సమయం మాటేమిటి అంటారా? ఒక్కో టేపు డ్రైవు సెకనుకి 400 మెగాబైట్లు రాస్తుంది. ఒకే డ్రైవుతో అయితే పాతిక రోజులు, ఎనిమిది డ్రైవులు పెడితే మూడు రోజులు. ఆ తరవాత రోజురోజుకీ మారినవి మాత్రం రాసుకుంటూ పోతే చాలు. ఒక దేశ ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చేమీ కాదు. 2022 అక్టోబరులో అదే దేశంలో కకావ్ అనే ప్రైవేటు కంపెనీ సర్వీసులు ఇలాగే డేటా సెంటరు మంటల్లో ఆగిపోతే, మాకలాంటిది జరిగినా మూడు గంటల్లో లేస్తామని ఈ డేజాన్ కేంద్రం వాళ్ళే అన్నారు.

నేను పదేళ్ళుగా ఈ రంగంలోనే ఉన్నాను. ఎమ్మెస్ చెయ్యడానికి వచ్చినప్పుడు అందరిలాగే జావా, డేటాబేసులు అనుకున్నాను. మొదట దొరికిన కాంట్రాక్టు ఒక బ్యాకప్ టీములో. పార్టీల్లో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే బ్యాకప్ అని చెప్పగానే మాట మారిపోతుంది. అమ్మాయి తరఫువాళ్ళయితే మరీనూ! ఈ మధ్య మాత్రం ఆగి వింటున్నారు. వినాల్సిన కారణం ఉంది. నిప్పుకి దురుద్దేశం ఉండదు. డేజాన్‌లో కాలింది ఏదో, మిగిలింది ఏదో నిప్పు ఎంచుకోలేదు. ఇప్పుడు వస్తున్న దొంగలు ఎంచుకుంటున్నారు. ముందుగా బ్యాకప్‌నే ఎంచుకుంటున్నారు.

మన ఊళ్ళలో పాతకాలపు రైతు తిండి గింజలూ విత్తనం గింజలూ ఒకే గాదెలో పోసేవాడు కాదు. తిండి గింజలు పోతే ఆ ఏడు అప్పు చేసి గడుస్తుంది. విత్తనం పోతే వచ్చే ఏడు కూడా పోయినట్టే. బ్యాకప్ అంటే విత్తనం. కానీ గత పదిహేనేళ్ళలో కంపెనీలు చేసిందేమిటంటే, తెలియకుండానే ఆ రెండింటినీ ఒకే కప్పు కిందకీ, ఒకే తాళం కిందకీ తెచ్చేశాయి. అదెలా జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి.

ఒకప్పుడు ఒక పనికి ఒక సర్వరు. పేరోలుకి ఒక డబ్బా, ఈమెయిలుకి ఒక డబ్బా. వాటిలో చాలా భాగం రోజంతా ఖాళీగా కూచునేవి. వీఎమ్‌వేర్ లాంటి కంపెనీలు వచ్చి, ఒకే పెద్ద డబ్బాలో ముప్ఫయ్యో నలభయ్యో సర్వర్లని నడిపించవచ్చునని చూపించాయి. వీటినే వర్చువల్ మెషీన్లంటున్నాం. వాటి కింద ఉండి అందరికీ వడ్డించే సాఫ్టువేరు హైపర్‌వైజరు. ఇలాంటి పెద్ద డబ్బాలన్నిటినీ ఒక్క తెర మీంచి నడిపించేది వీసెంటరు. కరెంటు ఖర్చు తగ్గింది, చోటు తగ్గింది, కొత్త సర్వరు కావాలంటే ఆరు వారాలు ఆగే బదులు ఆరు నిమిషాల్లో వచ్చేస్తోంది. బ్యాకప్ కూడా తేలికయింది. ఎందుకంటే వర్చువల్ మెషీనంటే చివరికి ఏమిటి? డిస్కు మీద నాలుగైదు ఫైళ్ళు. ఆ ఫైళ్ళని కాపీ చేస్తే మెషీను మొత్తం కాపీ అయినట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ మారిన ముక్కలేవో హైపర్‌వైజరే గుర్తుపెట్టుకుని చెబుతుంది కాబట్టి ఆ ముక్కలు మాత్రం తీసుకుంటే చాలు.

ఈ సుఖంలోనే ముల్లుంది. మెషీను నాలుగు ఫైళ్ళే అయినప్పుడు, దాన్ని దొంగిలించడం అంటే నాలుగు ఫైళ్ళని దొంగిలించడమే. పాడుచెయ్యడమంటే నాలుగు ఫైళ్ళకి తాళం వెయ్యడమే. వెనకటి రాన్సమ్‌వేర్ ఒక్కో కంప్యూటర్లోకీ దూరి, దానిలోని యాంటీవైరస్‌తో పోట్లాడి నెగ్గాల్సి వచ్చేది. ఇప్పుడు హైపర్‌వైజరు చేతికొస్తే చాలు. పైనున్న నలభై మెషీన్లలో ఎన్ని యాంటీవైరస్‌లు ఉన్నా వాటికి తెలియదు, ఎందుకంటే వాటిని ముందు ఆపేసి, తరవాత కింద నుంచి ఫైళ్ళకి తాళం వేస్తారు. ఆ కింద అంతస్తులో కాపలా పెట్టేవాళ్ళు తక్కువ. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అని పేరు పడ్డ దాడిలో ప్రపంచమంతటా వేల వీఎమ్‌వేర్ సర్వర్లు ఇలాగే మూతపడ్డాయి. వాటిలోకి దూరిన కన్నం కొత్తదేమీ కాదనీ, దానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చిందనీ వీఎమ్‌వేరూ, ఫ్రాన్సు ప్రభుత్వ నిపుణులూ చెప్పారు. రెండేళ్ళు!

2023 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో ఎమ్‌జీఎమ్ హోటళ్ళకి జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గది తాళాలు పనిచెయ్యలేదు, స్లాట్ మెషీన్లు ఆగిపోయాయి. వందకి పైగా హైపర్‌వైజర్లకి తాళం వేశామని దొంగలే ప్రకటించుకున్నారు. నష్టం సుమారు 10 కోట్ల డాలర్లని కంపెనీ లెక్క చెప్పింది. 2025 ఏప్రిల్లో బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ వంతు వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాలు ఆరు వారాలకి పైగా ఆగిపోయాయి. లాభంలో సుమారు 30 కోట్ల పౌండ్లు గండి పడుతుందని కంపెనీ అంచనా వేసింది. దొంగలు వేరేవాళ్ళుగా నటించి లోపలికి వచ్చారనీ, అందులో బయటి సంస్థ పాత్ర కూడా ఉందనీ ఆ కంపెనీ ఛైర్మన్ ఆర్చీ నార్మన్ జులైలో పార్లమెంటు కమిటీకి చెప్పారు.

దొంగలు కన్నం వెయ్యలేదు, ఫోన్ చేశారు. హెల్ప్‌డెస్కుకి ఫోన్ చేసి, నేను ఫలానా ఉద్యోగిని, పాస్‌వర్డు మర్చిపోయాను, కాస్త మార్చిపెట్టండి అంటారు. ఉద్యోగి పేరు, ఐడీ నంబరు, మేనేజరు పేరు ముందే సంపాదించి ఉంటారు. ఫోనెత్తే కుర్రాడికి కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించాడన్న దాని మీద మార్కులు. అనుమానించి పది ప్రశ్నలడిగితే మార్కులు తగ్గుతాయి, అడగకపోతే ఎవరూ ఏమీ అనరు... దొంగ దొరికేదాకా. మన హైదరాబాదు, చెన్నై, మనీలాల్లో రాత్రి షిఫ్టుల్లో కూచునే ఈ పిల్లల మీద తప్పంతా తోసెయ్యడం నాకు నచ్చదు. ఆ మార్కుల పద్ధతి పెట్టినవాళ్ళు వేరే.

లోపలికి వచ్చాక ఏం చేస్తారో గూగుల్ వారి భద్రతా విభాగం 2025 జులైలో వివరంగా రాసింది. అందులో ఒక ఎత్తు చదివి నేను కాసేపు అలా కూచుండిపోయాను. కంపెనీలో అందరి పాస్‌వర్డులూ ఉండే మెషీనుని డొమైన్ కంట్రోలర్ అంటారు. అది కూడా ఇప్పుడు వర్చువల్ మెషీనే. దొంగ వీసెంటరులోకి వెళ్ళి ఆ మెషీనుని ఆపుతాడు. దాని డిస్కుని ఊడదీసి, ఎవరూ పట్టించుకోని వేరే మెషీనుకి తగిలిస్తాడు. అందులోంచి పాస్‌వర్డుల పుస్తకం కాపీ చేసుకుని, డిస్కుని మళ్ళీ యథాస్థానంలో పెట్టి మెషీనుని లేపుతాడు. ఆపరేషను టేబిలు మీద మత్తులో ఉన్న మనిషి జేబులోంచి తాళాలు తీసి, అచ్చు పోసుకుని, తిరిగి పెట్టినట్టు. లేచాక ఆ మెషీనుకి ఏమీ గుర్తుండదు. ఆ తరవాత చేసే పని, తాళం వెయ్యడం కాదు. బ్యాకప్ సర్వరు దగ్గరికి వెళ్ళి, జాబులు తీసెయ్యడం, దాచిన కాపీలు తుడిచెయ్యడం. తాళాలు ఆ తరవాతే. సోఫోస్ కంపెనీ 2024లో ప్రచురించిన సర్వేలో, రాన్సమ్‌వేర్ బారిన పడ్డ సంస్థల్లో 94 శాతం మంది మా బ్యాకప్‌ల మీద కూడా దాడి జరిగిందన్నారు. ఆ ప్రయత్నాల్లో 57 శాతం ఫలించాయిట. సగానికి పైనే.

బ్యాకప్ సర్వరు దొంగకి ఎందుకంత ముద్దంటే, అది ప్రతి మెషీనునీ కాపీ చెయ్యాలి కాబట్టి ప్రతిదానికీ తాళం దాని దగ్గర ఉంటుంది. వీసెంటరు అడ్మిన్ పాస్‌వర్డుంటుంది. డొమైన్ కంట్రోలర్ కాపీ ఉంటుంది. ఇంత విలువైనదాన్ని చాలాచోట్ల ఎలా ఉంచుతారంటే, అందరి కంప్యూటర్లూ ఉన్న డొమైన్‌లోనే చేర్చి ఉంచుతారు, అదే పాస్‌వర్డుతో లాగిన్ అవడం సౌకర్యం కదా అని. వీమ్ అన్న బ్యాకప్ సాఫ్టువేరు మన రంగంలో చాలామంది వాడేది. అందులో 2025 మార్చిలో బయటపడ్డ ఒక లోపం సరిగ్గా ఇలా డొమైన్‌లో చేర్చిన సర్వర్లకే వర్తించింది. డొమైన్‌లో మామూలు ఖాతా ఉన్న ఎవరైనా, రిసెప్షన్లో కూచునే మనిషి ఖాతాతోనైనా, బ్యాకప్ సర్వరుని వశం చేసుకోవచ్చు. డొమైన్‌లో చేర్చొద్దని ఆ కంపెనీ అప్పటికే చెబుతూ వచ్చింది. అంతకు ముందు 2024 సెప్టెంబరులో వచ్చిన మరో లోపాన్ని అకీరా, ఫాగ్ అనే రాన్సమ్‌వేర్ ముఠాలు నెల తిరక్కుండానే వాడేసుకున్నాయి. ప్యాచ్ వచ్చాక ఆదివారం దాకా ఆగుదాం అనుకునే రోజులు పోయాయి.

ఇక్కడ మనవాళ్ళు తరచూ పడే ఒక పొరపాటు గురించి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. స్నాప్‌షాట్ తీస్తే అసలు డిస్కు ఫైలు అక్కడే ఆగి, ఆ తరవాత మార్పులు పక్కన వేరే ఫైల్లో పడతాయి. అసలుది పోతే పక్కది పనికిరాదు. రెండూ ఉండేది ఒకే చోట. మూడు రోజులకి మించి ఉంచొద్దని వీఎమ్‌వేరే చెబుతుంది. అయినా ఏడాది వయసున్న స్నాప్‌షాట్లు నేను చూశాను. అలాగే రెప్లికేషనూ బ్యాకప్ కాదు. డల్లాస్‌లో చెరిగింది అరక్షణంలో షికాగోలోనూ చెరుగుతుంది.

దీనికి ఆస్ట్రేలియాలో జరిగిన ఉదాహరణ కంటే మంచిది నాకు దొరకలేదు. యూనిసూపర్ అని అక్కడి పెన్షన్ ఫండు, ఆరు లక్షల మందికి పైగా సభ్యులు. వాళ్ళ వీఎమ్‌వేర్ మెషీన్లన్నీ గూగుల్ క్లౌడ్‌లో నడుస్తుండేవి. రెండు వేరు వేరు చోట్ల జంటగా పెట్టుకున్నారు, అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. 2024 మే నెల మొదట్లో ఒకరోజు అదంతా మాయమైపోయింది. దొంగలు కారు. ఏడాది క్రితం దాన్ని ఏర్పాటు చేసినప్పుడు గూగుల్ వాళ్ళు లోపల వాడిన ఒక పనిముట్టులో ఒక గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీగా వదిలితే ఏడాది గడువని దాని అర్థం. ఏడాది తిరగ్గానే వ్యవస్థ తన పని తాను చేసుకుపోయింది, మొత్తం తుడిచేసింది. రెండో చోట ఉన్న జంట కూడా అదే ఏర్పాటు కిందది, అదీ పోయింది. యూనిసూపర్ వాళ్ళు తెలివైనవాళ్ళు, వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకున్నారు. గూగుల్ వారి స్టోరేజీలో విడిగా దాచిన కాపీలు కూడా దక్కాయి. ఆ రెండింటితో తిరిగి నిలబడ్డారు. అయినా సభ్యులు తమ ఖాతాలు చూసుకోవడానికి వారం పైన పట్టింది.

ఇదే కథకి రెండో ముగింపు డెన్మార్క్‌లో ఉంది. క్లౌడ్‌నార్డిక్ అనే హోస్టింగు కంపెనీ 2023 ఆగస్టులో సర్వర్లని ఒక డేటా సెంటరు నుంచి ఇంకోదానికి తరలిస్తోంది. ఆ తరలింపులో, అప్పటికే రోగం ఉన్న కొన్ని సర్వర్లు అన్నిటినీ నడిపే లోపలి నెట్‌వర్కుకి తగిలాయి. మెషీన్లకీ, మొదటి బ్యాకప్‌కీ, రెండో బ్యాకప్‌కీ తాళం పడింది. అధికభాగం కస్టమర్ల డేటా పూర్తిగా పోయిందని కంపెనీయే ప్రకటించింది. రెండు బ్యాకప్‌లున్నాయి. రెండూ ఒకే తాళం కింద ఉన్నాయి.

2005లో పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు తన ఫొటోలు దాచుకోవడం గురించి రాసిన పుస్తకంతో 3-2-1 అనే సూత్రం ప్రచారంలోకి వచ్చింది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఇప్పుడు దానికి ఇంకో 1 కలిపారు. ఒకటైనా ఎవరూ, అడ్మిన్ కూడా, చెరపలేనిది ఉండాలి. చెరపలేనిదంటే మనవాళ్ళకి కొత్తా? అన్నమయ్య సంకీర్తనలని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో రాతి అరలో పెట్టారు. శతాబ్దాల తరవాత తీసి చదువుకున్నాం. 32,000 రాశాడని ప్రతీతి, దొరికినవి సుమారు 12 నుంచి 14 వేలు. రిస్టోరు పూర్తిగా కాలేదనుకోండి, అయినా మన ప్రభుత్వ డేటా సెంటర్లలో దేనికైనా ఆ రికార్డుందా?

ఈ రోజుల్లో రాగిరేకు పాత్ర పోషించేది టేపు, లేదా ఆబ్జెక్ట్ లాక్. అమెజాన్ వాళ్ళు 2018లో తెచ్చారు, తక్కినవాళ్ళూ అనుసరించారు. ఫలానా తేదీ దాకా ఈ ఫైలు ఎవరూ చెరపకూడదు అని గడువు పెడతాం. ఇందులో రెండు రకాలున్నాయి. గవర్నెన్స్ అన్నదాంట్లో ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్ళు గడువు లోపల కూడా చెరపగలరు. కంప్లయన్స్ అన్నదాంట్లో ఖాతా యజమాని కూడా చెరపలేడు. చాలామంది మొదటిదే ఎంచుకుంటారు. ఎందుకంటే రెండోదాంట్లో పొరపాటున వంద టెరాబైట్ల చెత్త పడేస్తే గడువు తీరేదాకా అద్దె కట్టాలి. ఆ అద్దెకి భయపడి దొంగకి తలుపు తెరిచి ఉంచుతున్నాం. ఇంకో కిటుకుంది. గడువు గడియారాన్ని బట్టి నడుస్తుంది. సొంత డబ్బాలో చెరపలేని కాపీలు దాచుకున్నవాళ్ళు, ఆ డబ్బా గడియారం ఎవరు చెబితే మారుతుందో, దాని మదర్‌బోర్డు మీదున్న రిమోట్ కన్సోలు ఏ నెట్‌వర్కులో ఉందో చూసుకోవాలి. గడియారాన్ని పదేళ్ళు ముందుకి తిప్పితే అన్ని తాళాలూ వాటంతటవే ఊడిపోతాయి. కన్సోలు చేతికొస్తే డిస్కులనే ఫార్మాట్ చెయ్యొచ్చు.

గడువు ఎంత పెట్టాలన్నది ఇంకో చిక్కు. 2024 ఫిబ్రవరిలో ఛేంజ్ హెల్త్‌కేర్ మీద జరిగిన దాడి అమెరికాలో ఉన్న మన డాక్టర్లకీ, ఫార్మసిస్టులకీ చెప్పనక్కర్లేదు. వారాల తరబడి బిల్లులు వెళ్ళలేదు, సొంత క్లినిక్కులున్నవాళ్ళు జీతాలివ్వడానికి అప్పులు చేశారు. దొంగలు ఫిబ్రవరి 12న రెండో అంచె పరీక్ష లేని ఒక లాగిన్ ద్వారా వచ్చారనీ, తొమ్మిది రోజులు లోపలే తిరిగారనీ, 21న తాళాలు వేశారనీ యునైటెడ్ హెల్త్ అధిపతి ఆండ్రూ విట్టీ సెనేటుకి చెప్పారు. అసలు వ్యవస్థతో పాటు బ్యాకప్ కూడా దాడికి చిక్కిందని ఆయనే ఒప్పుకున్నారు. 2.2 కోట్ల డాలర్లు కట్టారు. తొమ్మిది రోజులు నయం, ఇంకా ఎక్కువ కాలం తిష్ఠ వేసేవాళ్ళున్నారు. మీ బ్యాకప్‌లు రెండు వారాలవే ఉండి, దొంగ నెల క్రితమే వచ్చి ఉంటే, ప్రతి కాపీలోనూ దొంగ ఉంటాడు. రిస్టోరు చేస్తే వాడినీ పిలిచి కూచోబెట్టినట్టే.

మన వైపు సంగతి. 2017 మేలో వాన్నక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌కి చిక్కాయి. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ అనే ఒక్క సేవాసంస్థ మీద దాడి జరిగితే సుమారు 300 చిన్న బాంకుల చెల్లింపులు ఆపాల్సివచ్చింది. వీటన్నిటికంటే ఆలోచించాల్సింది 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా అని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మీ ఇంట్లో ఫొటోల డిస్కు కంటే ఎక్కువేం కాదు. పైగా దెబ్బ తగలని బ్యాకప్ సర్వరు ఒకటి మిగిలింది, దాన్నుంచే మొత్తం తీశారు. అయినా దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేత్తో రాసుకున్నారు. కాపీ ఉండటం వేరు, ఆసుపత్రి నడవడం వేరు.

ఈ తేడా నేను దగ్గరగా చూశాను. కొన్నేళ్ళ క్రితం మిడ్‌వెస్టులో ఒక ఆసుపత్రుల సంస్థలో కాంట్రాక్టు మీద ఉన్నాను. వాళ్ళ కాగితాల్లో, అంతా పోయినా 24 గంటల్లో తిరిగి లేపుతాం అని రాసి ఉంది. 120 టెరాబైట్లు, 10 గిగాబిట్ల నెట్‌వర్కు, భాగిస్తే 27 గంటలు. అంటే కాగితం మీద కూడా కుదరదు! నిజంగా ప్రయత్నించి చూద్దామని ఒక శనివారం పది మెషీన్లు ఎంచుకుని రిస్టోరు మొదలుపెట్టాం. చోటు ఆదా చెయ్యడానికి ఆ బ్యాకప్ డబ్బా ఒకేలా ఉన్న ముక్కలని ఒకసారే దాచుకుంటుంది. తిరిగి ఇమ్మంటే ఆ ముక్కలన్నీ ఏరి అతకాలి. దాచుకోవడంలో ఉన్న చురుకు ఇవ్వడంలో లేదు. మేం చూసిన వేగానికి అంతా లేవాలంటే ఆరు రోజులు. ఇంకో విశేషం, అన్ని సర్వర్ల పాస్‌వర్డులూ భద్రంగా ఒక వాల్ట్‌లో పెట్టారు. ఆ వాల్టు ఒక వర్చువల్ మెషీను. దాన్ని లేపాలంటే వీసెంటరు పాస్‌వర్డు కావాలి. అది ఆ వాల్టులో ఉంది. పెట్టె తాళంచెవి పెట్టెలోనే.

ఇవన్నీ రాసి పంపుతానంటే మా మేనేజరు ఫోన్ చేసి, ఈమెయిల్లో పెట్టకు, మాట్లాడుకుందాం అన్నాడు. మాట్లాడుకోలేదు. నేను రాసే పంపాను. ఆ కాంట్రాక్టు పొడిగించలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. కానీ ఆ నెలలో మా టీములో ఉన్న మిగతా ముగ్గురు తెలుగువాళ్ళు ఎందుకు నోరు విప్పలేదో నాకు తెలుసు. ఇద్దరి హెచ్-1బీ పొడిగింపు కాగితాలు ఆఫీసులో ఉన్నాయి. ఉద్యోగం పోతే 60 రోజులు. అమెరికాలో బ్యాకప్‌ల పరిస్థితి గురించి ఏ సర్వేలోనూ కనబడని అంకె ఇది, మా బ్యాకప్ రిస్టోరు కాదు అని తెలిసీ చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ళెందరు అన్నది.

ఇదే టీముకి రాత్రి వేళ హైదరాబాదు నుంచి సాయం చేసే ఒక కుర్రాడుండేవాడు. రోజూ 400 జాబుల ఫలితాలు చూడాలి. ఒక జాబు "సక్సెస్" అంటూనే వారంగా సున్నా బైట్లు రాస్తోందని నేనడిగితే, "అన్నా, గ్రీన్ వస్తే టికెట్ క్లోజ్ చెయ్యమన్నారు. గ్రీన్ వచ్చింది, క్లోజ్ చేశా," అన్నాడు. అతనన్నది నిజం. అతనికి చెప్పిన పని అంతే. 2017 జనవరి చివర్లో గిట్‌ల్యాబ్ వాళ్ళకి ఇంతకంటే ఘోరం జరిగింది. పొరపాటున అసలు డేటాబేసు చెరిపేశాక వెతికితే, అయిదు రకాల బ్యాకప్‌లలో ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యడంలేదు. రోజూ తీసే బ్యాకప్ వెర్షను తేడా వల్ల విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళని మెయిలు సర్వరు తిప్పికొడుతోంది. ఒక ఇంజనీరు అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన కాపీతో బయటపడ్డారు. ఇదంతా దాచుకోకుండా లోకానికి చెప్పారు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

చివరగా, ప్రస్తుతం మనవాళ్ళలో చాలామంది చేస్తున్న పని గురించి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ 69 వందల కోట్ల డాలర్లకి వీఎమ్‌వేర్‌ని కొనేసింది. నెల తిరక్కుండా, ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకునే లైసెన్సులు ఎత్తేసి, అద్దె పద్ధతి పెట్టింది. బిల్లులు చూసి గుండెలాగిన కంపెనీలు న్యూటానిక్స్‌కో, హైపర్-వీకో, ప్రాక్స్‌మాక్స్‌కో మారుతున్నాయి. వీస్ఫియర్ 7కి మద్దతు 2025 అక్టోబరు 2తో ముగియడంతో హడావుడి ఇంకా పెరిగింది. మెషీన్లని మార్చడానికి బడ్జెటుంది. పాత బ్యాకప్‌ల సంగతి ప్రాజెక్టు ప్లానులో ఎక్కడుంటుందో వెతకండి. ఆసుపత్రులు, బాంకులు ఏళ్ళ తరబడి కాపీలు దాచాలి. అవన్నీ వీఎమ్‌వేర్ రూపంలో ఉన్నాయి. ఆఖరి వీఎమ్‌వేర్ సర్వరు కట్టేసి లైసెన్సు వదిలేశాక, 2022 నాటి ఒక మెషీనుని కోర్టు అడిగితే ఎక్కడ లేపుతారు? కొత్త హైపర్‌వైజరు మీద అది లేస్తుందో లేదో పాతది ఉండగానే చూడాలి, కట్టేశాక కాదు. పైగా క్లౌడ్‌నార్డిక్ పోయింది తరలింపు మధ్యలోనే. రెండు ఇళ్ళ తలుపులూ తెరిచి ఉండే సమయం అది. తరలింపు జరిగే నెలల్లో బ్యాకప్ నెట్‌వర్కుని మిగతావాటికి తగలనివ్వకూడదని రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టరైతే మీ పేరు మీద కాక టీము పేరు మీద అడగండి.

మన సంఘం సంగతి కూడా కనుక్కున్నాను. సభ్యత్వ జాబితా, ఇరవయ్యేళ్ళ ఉగాది వేడుకల ఫొటోలు, విరాళాల రసీదులు అన్నీ ఒక స్వచ్ఛంద కార్యకర్త సొంత గూగుల్ ఖాతాలో ఉన్నాయి. ఆయన వచ్చే ఏడు ఇండియా తిరిగి వెళ్ళిపోతున్నారు. అంతా కలిపితే టెరాబైటులో సగం కూడా లేదు. రెండు డిస్కులు కొని, ఒకటి కోశాధికారి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కార్యవర్గ సభ్యుల ఇంట్లో పెడదామన్నాను. డిస్కుల్లో కాపీ అయ్యాక, ఆ ఖాతా తెరవకుండా డిస్కు ఒక్కదానితోనే 2011 ఉగాది ఫొటోలూ, ఏదో ఒక రసీదూ తీసి చూపిస్తానని ఒప్పుకున్నాను. వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఏడో అంశం అది, పిక్నిక్ పులిహోర ఆర్డరు తరవాత.